ఐదు చక్రాల ట్యాంకు

ప్రెస్కట్ దొరా, షరీఫ్ చచ్చేటప్పుడు నీ చేతిలో కెమెరా ఉంది. గంగాధరం, నీ చంకలో హాజరు పుస్తకం ఉంది. ఒకడు ఫోటోలు తీసుకున్నాడు, ఒకడు అబద్ధం రాశాడు. మనిషిని చంపింది ఇరాక్ ట్యాంకేనని ఇద్దరూ రేపు కోర్టులో చెప్తారు, నాకు తెలుసు. ట్యాంకు ఒక్కసారే తొక్కింది. మీరు మూడేళ్లు తొక్కారు. తొక్కుతూ మా సలాములు తీసుకున్నారు.

ఈ కాగితం మన రూముల్లో అందరూ చదవాలి, జరిగింది జరిగినట్టు చెప్తాను.

షరీఫ్‌ది కడప జిల్లా రాయచోటి. పదేళ్లు లారీ తోలాడు. తర్వాత కువైట్‌లో మా కంపెనీలోనే పికప్ డ్రైవరయ్యాడు. తొంభై ఆగస్టులో ఇరాక్ ట్యాంకులు కువైట్‌లో దిగిన రోజున అతనూ లేడు, బండీ లేదు. కంపెనీ ఇంటికి పంపిన ఉత్తరంలో రెండే వాక్యాలు. డ్రైవర్ షరీఫ్ పర్మిషన్ లేకుండా పద్నాలుగో నంబరు బండి తీసుకుని క్యాంపు విడిచి వెళ్లాడు. తర్వాత ఆచూకీ లేదు.

పరారీ అన్నమాట. పరారీ అయినవాడు చచ్చినవాళ్ల లెక్కలోకి రాడు. భార్య ఖాజాబీకి ఇరవై ఆరేళ్లు. చూసిన సాక్షి ఎవరని ఖాజీ అడిగాడు. ఏడేళ్లు ఆగమని పోలీసులు చెప్పారు. షరీఫ్ ఎవతెనో తగులుకుని ఇరాక్ బస్రాలో కాపురం పెట్టాడని వీధిలో ఎవరో పుట్టించారు. మొగుడు పోయినదానిలా గడప దాటకుండా ఇద్దత్ కూర్చోవాలో, మొగుడున్నదానిలా తిరగాలో తెలియక ఆ పిల్ల ఒక చేతికి గాజులు ఉంచుకుని రెండో చేతివి తీసేసింది. షరీఫ్ డ్యూటీ మీద ఉండగా చనిపోయాడని, చూసిన మనిషి సంతకం చేసిన ఒక్క కాగితం తెస్తే తాను ఒప్పుకుంటానని ఖాజీ అన్నాడు. ఆ ఒక్క కాగితం కోసమే షరీఫ్ తమ్ముడు ఇనాయత్ ఒమన్ వచ్చాడు. కువైట్ నుంచి బతికి బయటపడ్డ మేనేజరు ప్రెస్కట్‌నీ, టైమ్‌కీపర్ గంగాధరాన్నీ కంపెనీ ఇక్కడికి, బహ్లా రోడ్డు పనికి పంపిందని తెలుసుకుని మరీ వీసా పట్టాడు.

నా పక్క మంచం ఇనాయత్‌ది. నాది జగిత్యాల వైపు. పేరు పెద్దులు, పని ఫిట్టర్. ఇనాయత్ రేకుపని చేసేవాడు. రేకు అతని చేతిలో చపాతీ పిండిలా వంగేది.

వచ్చిన వారానికే దొర దగ్గరికి వెళ్లాడు. ఆ రోజు తాను క్యాంపు ఆఫీసు దాటలేదని, షరీఫ్ ఎటు పోయాడో చూడలేదని దొర చెప్పాడు. అయినా మేనేజరుగా ఏదో ఒకటి రాసిస్తానన్నాడు. ఎప్పుడు? దానికి దొర చేతకాని హిందీలో ఒకటే మాట, ముందు ట్యాంకు, తర్వాతే ఉత్తరం.

"పహలే మేరా ట్యాంక్. ట్యాంక్ ఖతం, ఫిర్ లెటర్."

ట్యాంకంటే బొమ్మ. తొంభై మూడు జనవరిలో విమానంలో వచ్చింది, దిండంత పెట్టెలో. ప్లాస్టిక్ ముక్కలు వందల కొద్దీ. రూపాయిలో అణా ఎంతో, అసలు ట్యాంకులో ఆ బొమ్మ అంత. అన్నీ అతికిస్తే మూరెడు దాటుతుంది, ముందు ఫిరంగి గొట్టం వేరే. పెట్టెలో ఉన్నది జర్మనీ ట్యాంకు, ఏడు చక్రాలది. దొరకు కావలసింది కువైట్‌లో దిగిన రష్యా ట్యాంకు, ఐదు చక్రాలది. అది దొరకలేదట. కాబట్టి దీన్ని కోసి, అరగదీసి, దాన్ని చేయాలి. చేసేది మేము. శుక్రవారం మధ్యాహ్నాలు వర్క్‌షాపులో, సెలవు రోజున.

దొర నెల రోజులు గీతలే గీశాడు. ఒక్కో భాగానికి ఒక్కో షీటు. ప్రతి షీటు మీదా నంబర్లు, కొలతలు, పక్కన అంటించిన ఫోటో ముక్క. ఫోటోలు ఎప్పుడూ ముక్కలే. చక్రాల షీటుకు చక్రాలున్నంత మేర కత్తిరించి అంటించేవాడు. చుట్టూ ఏముందో మాకు కనిపించేది కాదు. పెద్దవాళ్ల పని అలాగే ఉంటుందనుకున్నాం.

ఒప్పుకోవాలి, పని బాగుండేది. పైన తిరిగే బురుజును ఇనాయత్ మెస్‌లోని అల్యూమినియం అన్నం గిన్నెను బోర్లించి కొట్టి చేశాడు. వెనకాల ఉండే రెండు డీజిల్ పీపాలకు ఏం వాడాలని దొర వారం తల కొట్టుకుంటే, నేను పెద్ద టార్చి బ్యాటరీలు రెండు తెచ్చి కొలిచి చూపించాను. వెంట్రుకవాసి తేడా లేదు. దొర నా వీపు తట్టాడు. సిగ్గులేకుండా పొంగిపోయాను.

చక్రాల దగ్గర మొదటి రక్తం పడింది. ఆ రష్యా ట్యాంకుకు మొదటి చక్రానికీ రెండో చక్రానికీ మధ్య సందు మిగతావాటికన్నా ఎక్కువ. ఇనాయత్ ఐదింటినీ సమానంగా బిగించాడు. దొర చూశాడు. స్టీలు స్కేలు తీసి అంచుతో వేలి కణుపుల మీద కొట్టాడు. మూడు కణుపుల మీద తోలు చిట్లి ఎముక తెల్లగా కనిపించింది. రక్తం బొమ్మ మీద చిమ్మింది. దొర గుడ్డ తీసుకుని ముందు బొమ్మను తుడిచాడు. అదే గుడ్డ తర్వాత ఇనాయత్ మీదికి విసిరాడు.

దొర పక్కన షీట్లు పట్టుకుని నిలబడ్డ గంగాధరం గోదావరి యాసలో చమత్కారం విసిరాడు. "ఏవయ్యా ఇనాయతూ, చక్రాలు లెక్కెట్టడం రాదుగానీ వేళ్లు మాత్రం పదీ ఉన్నాయనుకున్నావా? జాగర్తగా వాడుకో."

"ఉండేది పది గదా సార్," అన్నాడు ఇనాయత్. "పనికి అయిదు సాలు. మిగతా అయిదు దాచిపెట్టుకుంటాండా."

గంగాధరం నవ్వాడు. నేను నవ్వలేదు.

తర్వాతి షీటులో ఎడమవైపు చైనుపట్టా. అది దేని మీదుగానో ఎక్కి దిగినట్టు ఉండాలి. ఇరవై రెండో నంబరు పక్కన దొర రాశాడు: మూడో లింకు పళ్లలో గుడ్డ పీలిక, నీలం, తడిసి నల్లబడినట్టు. ఇనాయత్ తన పాత డ్యూటీ చొక్కా అంచు కత్తిరించి, మాడిన గ్రీజులో ముంచి పళ్ల మధ్య ఇరికించాడు. కువైట్‌లోనైనా ఒమన్‌లోనైనా మా కంపెనీ డ్రెస్సు నీలమే. ఆ మాట మాకు తట్టలేదు. దొర భూతద్దంతో చూసి "గుడ్" అన్నాడు. మూడు నెలల్లో ఇనాయత్ విన్న మొదటి మెచ్చుకోలు అది. ఆ రాత్రి రాయచోటికి ఉత్తరం రాశాడు, దొర మనసు కరిగింది, కాగితం వచ్చేస్తుందని.

ఏప్రిల్‌లో చివరి షీటు వచ్చింది. ట్యాంకును నిలబెట్టే చెక్క పీట, దాని మీద ఇసుక. ఇసుకలో, ట్యాంకు ఎడమ పట్టా కింద, ఒక పికప్ బండి. రేకుతో చేయాలి. ముందు మామూలుగా చేసి, తర్వాత ముందు భాగాన్ని గీతలో ఉన్నట్టు నలగ్గొట్టాలి. ఇంజనూ క్యాబినూ పూర్తిగా చదును. వెనక తొట్టి మాత్రం నిలిచి ఉంటుంది. రంగు పసుపు. తలుపు ముద్దలో సగం కనిపించేలా 14 అని రాయాలి.

దొరా గంగాధరమూ అప్పటికింకా రాలేదు. బయట షెడ్డు నీడలో మన రూములవాళ్లు తొమ్మిది మంది పేకాడుతున్నారు. ఇనాయత్ షీటు ముందు కూర్చుని కదలడం లేదు.

"పద్నాలుగు," అన్నాను.

"పద్నాలుగు నంబరు ఎన్ని కంపెనీల్లో లేదన్నా," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "అది గాదు. ఈ ముప్పై ఒకటి చూడు. రాయి."

షీటు మీద ముప్పై ఒకటో నంబరు. వెనక ఎడమ చక్రం కింద రాయి, రేగ్గాయంత. పక్కన ఫోటో ముక్క. చక్రం, దాని వెనక నొక్కిపెట్టినట్టు బండరాయి. రాయి ఫోటోలో ఉంది కాబట్టి దొర షీటులో ఎక్కించాడు, అంతే. అది ఎందుకుందో అతనికి తెలియదు.

"ఏం రాయి తమ్మీ? ఇసుకల పడి ఉన్నట్టుంది."

"పడిండేది గాదు, పెట్టిండేది. మా అన్న పెట్టినాడు." వేలు ఆ రాయి మీదే ఉంచాడు. "గువ్వలచెరువు ఘాట్‌లో లారీ నిలిపితే చక్రానికి రాయి పెట్టాల. లేకపోతే బండి లోయలో పడ్తాది. పదేండ్లు ఆ రోడ్డే తోలినాడు గదా, అలవాటైపాయ. ఇంటి ముందర చదును నేల మింద సైకిల్ నిలిపినా రాయి పెడ్తాండె. మాయమ్మ నగుతాండె. పెండ్లిలో భాభీ వాళ్లిండ్లకాడ బాడుగ కారు నిలిపి దానికీ పెట్టినాడు. కువైట్‌లో యాడుంది ఘాటు? అంగుళం ఎత్తు లేని ఇసకలో రాయి పెట్టే పిచ్చోడు ఇంకెవుడున్నాడన్నా?"

ఫోటో ముక్క మీదికి వంగి రాయిని మళ్లీ చూశాను.

"ఇంగొగటి. పారిపొయ్యేటోడు చక్రానికి రాయి పెడ్తాడా? ఈడనే ఉండు, నేనొచ్చేదాకా కదలొద్దు అని ఎవరో చెప్పినారు. చెప్తేనే పెడ్తాడు." తర్వాత అడిగాడు, "రాయి లేకపోయింటే బండి వెనక్కి జారిపోతాండెనా అన్నా? మనిషి మిగుల్తాండెనా?"

"ముప్పై ఆరు టన్నుల ట్యాంకుకు ఒక్క రాయి అడ్డమా? పిచ్చి మాటలు మాట్లాడకు," అన్నాను. ఫిట్టర్‌గా చెప్పాను. నిజమే చెప్పాను. అతను తల ఊపాడుగానీ వేలు తీయలేదు.

దొర వచ్చాడు. వెనక గంగాధరం, చేతిలో ఫోటోల కవరు. ఇనాయత్ లేచి నిలబడి, ఈ బండి ఎవరిదని షీటు చూపించాడు.

"సాబ్, యే గాడీ కిస్‌కీ?"

"కోయీ గాడీ. తుమ్ కామ్ కరో."

"చౌదా నంబర్ మేరే భాయీకీ గాడీ. పత్థర్ మేరా భాయీ రఖా."

పద్నాలుగు తన అన్న బండి, రాయి పెట్టింది అన్నే అన్న సంగతి విని దొర నవ్వాడు. ఏ రాయి అన్నాడు. ఇనాయత్ నాకు చెప్పిందంతా మళ్లీ చెప్పాడు. ఘాటు, లారీ, సైకిల్, పెళ్లి కారు. దొరకు అర్థంకాని మాటలు నేను ఇంగ్లీషులోకి మార్చాను. పాత పేపర్లు చదివి నేర్చుకున్న ఇంగ్లీషు, దానికి చాలింది. చెప్తున్నకొద్దీ దొర మొహం సున్నం కొట్టినట్టయింది. మూడేళ్లు దాచుకున్నదాన్ని తన చేత్తోనే గీసి, నంబరు వేసి, చచ్చినవాడి తమ్ముడికే ఇచ్చాడు. నీట్‌గా గీశాడు కూడా.

ఇనాయత్ ఒక్క ఊపులో గంగాధరం చేతిలోని కవరు లాక్కుని బల్ల మీద దులిపాడు. కత్తిరించని ఫోటోలు ఆరు. ఎత్తు నుంచి తీసినవి. మొదటి దానిలో కువైట్‌లోని జహ్రా రోడ్డు పక్కన పసుపు పికప్ ఒంటరిగా నిలబడి ఉంది. కిటికీలో మోచెయ్యి, నీలం చొక్కా. రెండో దానిలో రోడ్డు మలుపులో ట్యాంకు. మూడో దానిలో దగ్గరికొచ్చింది, మోచెయ్యి ఇంకా కిటికీలోనే ఉంది. నాలుగో దానిలో పట్టా బానెట్ మీద ఉంది. తలుపు సగం తెరుచుకుంది, ఒక కాలు బయట ఉంది. ఐదో దానిలో క్యాబిన్ లేదు. అద్దమూ రేకూ మాంసమూ కలిసిన ముద్ద, దాని కింద నుంచి ఇసుకలోకి నల్లగా చార. ఆరోది దగ్గరికెళ్లి తీసినది. పట్టా పళ్ల మధ్య నీలం గుడ్డ.

ఇనాయత్ తాను ఇరికించిన పీలికను చూశాడు. ఫోటోను చూశాడు. పీలికను బొమ్మ పట్టా పళ్లలోంచి లాగేశాడు.

దొర ఫోటోలు తీసుకోబోయాడు. ఇనాయత్ చెయ్యి అడ్డం పెట్టాడు. దొర స్టీలు స్కేలు అందుకుని మొహం మీద కొట్టాడు, అంచుతోనే. కనుబొమ్మ తెగి కంటి మీద వేలాడింది. రెండోసారి చెంప మీద. మూడోసారి ఎత్తిన చెయ్యి కిందికి దిగలేదు. ఇనాయత్ పట్టుకున్నాడు.

రేకుపని చేసేవాడి పట్టు అది. దొరను బల్ల చివరికి ఈడ్చి ఎడమ చేతిని రేకులు బిగించి పట్టే ఇనుప వైస్ దవడల మధ్య పెట్టాడు. ఒక చేత్తో దొర మెడ వంచి పట్టుకుని, ఇంకో చేత్తో వైస్ పిడి తిప్పాడు. దొర అరిచాడు. పేకాట ఆపి తొమ్మిది మంది పరుగెత్తుకొచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

"చెప్పు. మా అన్న యాడ చచ్చినాడు?"

ఇంకో అర చుట్టు. కణుపు విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

దొర చెప్పాడు. ఇంగ్లీషులో, హిందీలో, ఏడుస్తూ చెప్పాడు. గోదాము నుంచి సామాను తెద్దామని షరీఫ్‌ను తానే పిలుచుకెళ్లాడట. రోడ్డు మీద ట్యాంకులు వస్తున్నాయని తెలిసి ఫోటోలు తీద్దామని గోదాము మీదికెక్కాడట. "దిగొద్దన్నాను, నేను వచ్చేవరకు కదలొద్దన్నాను. కదల్లేదు. పైనుంచి కేక వేస్తే మమ్మల్ని కాల్చేవాళ్లు. గంగాధరాన్ని అడుగు, వాడూ నా పక్కనే ఉన్నాడు."

అందరూ గంగాధరం వైపు తిరిగారు.

"నన్నెందుకు లాగుతారండీ మధ్యలో," అన్నాడు గంగాధరం. "పరారీ అని రాయమన్నారు, రాశాను. రాయకపోతే నన్ను బోర్డర్ దాటించేవోరా? నాకూ పెళ్లాంబిడ్డలున్నారు."

"ఖాజాబీకి లేడా మొగుడు?" అన్నాను.

షీటు వెనక నేను ఇంగ్లీషులో రాశాను. షరీఫ్ నా ఆర్డరు మీద డ్యూటీలో బండిలో కూర్చుని ఉండగా ట్యాంకు కింద చనిపోయాడు, నేను చూశాను. పెన్ను దొర కుడిచేతికిచ్చాను. దొర పెన్ను కింద పెట్టేశాడు. అప్పుడు వైస్ పిడి నేను తిప్పాను. పావు చుట్టు. పోలీసులకు ఇదే చెప్పాను, ఇక్కడా అదే రాస్తున్నాను. దొర సంతకం పెట్టాడు.

సంతకం ఆరకముందే గంగాధరం జాకీ రాడ్డుతో ఇనాయత్ తల మీద వెనక నుంచి కొట్టాడు. పుచ్చకాయ మీద కొట్టినట్టు తడి చప్పుడు. పడ్డాక చెవి మీద మరోసారి కొట్టాడు. నేను మీదికెళ్తే నా ముంజెయ్యి విరగ్గొట్టాడు. దొర కుడిచేత్తో వైస్ పిడి వదులు చేసి చెయ్యి లాక్కుని, నలిగిన వేళ్లు వేలాడుతుండగా ఒకటే మాట అన్నాడు, "బర్న్ ఇట్." గంగాధరం గ్యాస్ కట్టర్ వెలిగించాడు. కాగితం, ఆరు ఫోటోలు నిమిషంలో మసి. తలుపు దగ్గర తొమ్మిది మందీ నిలబడే ఉన్నారు. ఇనాయత్ చెవిలోంచి రక్తం నేల మీద గీసిన కొలత గీతల వెంట పాకుతోంది.

ఇప్పుడు ఇనాయత్ నిజ్వా ఆసుపత్రిలో ఉన్నాడు. మంచానికి బేడీ. కుడి చెవి వినపడదు. నిలబడితే పడిపోతున్నాడు. సెలవు ఇవ్వలేదని మేనేజరు మీద హత్యాయత్నం చేశాడని గంగాధరం వాంగ్మూలం ఇచ్చాడు. షరీఫ్ పేరు గానీ, పిడి తిప్పిన నా పేరు గానీ అందులో ఎక్కడా లేదు. మొన్న చేతి కట్టుతో వెళ్లి చూస్తే, వినపడే చెవి నా వైపు తిప్పి అన్నాడు, "నా కేసు గురించి కొట్లాడొద్దన్నా. జైలైతే జైలు. భాభీకి కాగితం యాడ దొరుకుతాదో అది చూడు."

ఎక్కడ దొరుకుతుందో నాకు తెలుసు. సంతకం కాలింది, ఫోటోలు కాలాయి. తొమ్మిది జతల చెవులు కాలలేదు. దొర తన నోటితో చెప్పింది మీరు తొమ్మిది మందీ విన్నారు. గంగాధరం ఒప్పుకున్నది విన్నారు. కోర్టుకు వెళ్తే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇంటికి పంపుతామని కంపెనీ మీతో అన్నదని నాకు తెలుసు. నాకు ఆల్‌రెడీ కొట్టేశారు. ఆదివారం నా విమానం.

కేసు రేపు శనివారం, నిజ్వా కోర్టులో ఉంది. పొద్దున ఆరు గంటలకు బహ్లా నుంచి నిజ్వా బస్సు. షఫీ, ఆ రోజు తలుపు దగ్గర నువ్వు అందరికన్నా ముందు నిలబడ్డావు, నువ్వు ముందు ఎక్కు. మిగతా ఎనిమిది మందీ వెంట ఎక్కండి. దొర చేతికి ఏమైందో కూడా దాచొద్దు, మేం చేసింది చేశామనే చెప్పండి, దానికి మేం జవాబిస్తాం. కానీ షరీఫ్‌ను బండిలో నిలబెట్టింది ఎవరు, పైనుంచి చూసింది ఎవరు, పరారీ అని రాసింది ఎవరు, ఈ మూడూ దుబాసీ ద్వారా జడ్జితో చెప్పి రాయించండి. రాసినదాన్ని చదివించుకుని తొమ్మిది సంతకాలు పెట్టండి. సంతకం రానివాళ్లు వేలిముద్ర వెయ్యండి. దాని నకలు తీసుకోకుండా కోర్టు గుమ్మం దిగొద్దు. ఆ నకలు ఆదివారం పొద్దున నా చేతిలో పెట్టండి, రాయచోటికి నేనే మోసుకెళ్తాను.